ఇటాలియన్ బొమ్మల కథలకు ఒక వరస

నా భార్య పోయిన పదకొండో రోజున ఆమె గది సర్దేశారు. సర్దమని తల ఊపింది నేనే.

మర్నాడు పన్నెండో రోజు. సిడ్నీలో ఉన్న మా వాళ్ళందరూ స్కోఫీల్డ్స్‌లో మా ఇంటికి వస్తారు. మెట్లెక్కలేని పెద్దవాళ్ళు కూర్చోవడానికి కింది గది కావాలి. ఆ గదిలో ఆమె బల్ల, కంప్యూటరు, నాలుగు వందల దాకా ఇటాలియన్ కామిక్స్ ఉన్నాయి. మా వీధి చివర ఉండే ఆమె స్నేహితురాలు, కరీంనగర్ ఆవిడ, "ఆ రూము జర ఖాళీ చేయాల్నా అన్నా?" అని అడిగింది. అప్పుడు ఎవరు ఏమడిగినా నేను తల ఊపుతున్నాను.

మధ్యాహ్నానికి గది అద్దంలా చేశారు, ఆవిడా ఇంకో ఇద్దరూ. "అన్నీ సైజు ప్రకారం పెట్టినం అన్నా. పెద్దయి కింద, చిన్నయి మీద. ఎనిమిది డబ్బాలైనయి, గరాజ్‌ల పెట్టినం. పుస్తకాల నడుమ చీటీలుండె. పారేయలే. కాయితం సరస్వతి గదా. గీ సంచిల ఉన్నయి చూడు." అంటూ ఒక ప్లాస్టిక్ సంచి నా చేతిలో పెట్టింది. తర్వాత గొంతు తగ్గించి, "ఒక దాంట్ల 'భుజాలు' అని రాసుకున్నది పాపం. యోగా చేస్తుండెనా?" అంది.

ఆమె యోగా చేసేది కాదు. ఆ చీటీ ఏమిటో నాకూ తెలియలేదు. సంచి తీసుకెళ్ళి బీరువాలో పెట్టాను.

నా భార్య వెస్ట్‌మీడ్ ఆస్పత్రిలో రేడియోగ్రాఫరు. ఇటాలియన్ ఆమె చదువుకున్న భాష కాదు. చాలా ఏళ్ళ కిందట, కౌన్సిల్ వాళ్ళు పాత సామాను ఎత్తుకెళ్ళే వారంలో, పక్క సబర్బ్‌లో ఒక ఇంటి ముందు గడ్డి మీద వాషింగ్ మెషీన్ పక్కన రెండు అట్టపెట్టెలు చూసి కారు ఆపమంది. ఆ ఇంటి పెద్దాయన పోయాడు. కొడుకు సామాను బయట పెడుతున్నాడు. అడిగితే, తీసుకెళ్ళండి, మా పిల్లలకి ఆ భాష రాదు అన్నాడు. అన్నీ నలుపూ తెలుపూ బొమ్మల పుస్తకాలు, వెడల్పాటి వెన్నుతో, ఒక్కొక్కటి వంద పేజీల దాకా. వాటిని చదవడానికి ఆమె నిఘంటువు కొనుక్కుంది. ఆ పుస్తకాలతోనే ఇటాలియన్ నేర్చుకుంది, స్కోఫీల్డ్స్ నుంచి వెస్ట్‌మీడ్‌కి రైల్లో వెళ్తూ వస్తూ.

నేను వాటిని చదవలేదు. నాకు పుస్తకమంటే వాక్యం. బొమ్మ ఉంటే వాక్యం పని తప్పించుకుంటుందని నా అభిప్రాయం. ఆ మాట ఆమెతో అన్నాను కూడా. "మీరు చదివే వాళ్ళలో సగం మంది వాక్యమే తప్పించుకుంటున్నారు, పొగమంచులూ వెన్నెలలూ రాసి," అంది. అందులో ఆమెదే న్యాయం. కానీ నేను ఒప్పుకోలేదు.

తెనాలిలో చిన్నప్పుడు ఆమె అద్దె పుస్తకాల షాపులో పాకెట్ సైజు డిటెక్టివ్ నవలలు తెచ్చుకుని చదివేది. బస్టాండులో వేలాడదీసేవాళ్ళు వాటిని, అరటిపళ్ళ పక్కన, వారపత్రికల పక్కన. ఇటలీలో ఈ బొమ్మల కథలూ అట్లాగే బతికాయని ఆమె అనేది. పుస్తకాల షాపులో కాదు, న్యూస్‌పేపర్ అమ్మే బడ్డీలో. ఆఫీసుకి వెళ్ళేవాడు పేపరుతో పాటు కొనుక్కుని రైల్లో చదివి పక్కవాడికిచ్చే వస్తువు. కౌబాయ్ కథలున్నాయి, అమెరికా ముఖం చూడని వాళ్ళు గీసినవి. పెద్దవాళ్ళ కోసం దొంగల కథలున్నాయి, కోటు జేబులో పట్టేంత చిన్నవి. బొమ్మలో మాటలుండే బుడగను వాళ్ళు చిన్న పొగ అంటారు. ఆ పేరుతోనే మొత్తం కళను పిలుస్తారు. ఇవన్నీ నాకు ఆమె భోజనం దగ్గర చెప్పినవే. సగం విన్నాను.

మెల్‌బోర్న్‌లో ఒక చిన్న ప్రచురణ సంస్థ ఉంది. వివిధ దేశాల కామిక్స్ మీద ఇంగ్లీషు పాఠకులకు పరిచయ పుస్తకాలు వేస్తారు. ఇటలీ పుస్తకం ఆమెకిచ్చారు. రెండేళ్ళు రాసింది. మార్చిలో ఒక ఉదయం డ్యూటీలో ఉండగా పడిపోయింది. మెదడులో రక్తస్రావం. ఆమె పనిచేసే ఆస్పత్రే, అందరూ తెలిసినవాళ్ళే. అయినా సాయంత్రం దాటలేదు.

జూన్‌లో ఎడిటర్ ఫోన్ చేసింది. సంతాపం చెప్పి, రాతప్రతి ఎంతవరకు వచ్చిందో చూడగలరా అని అడిగింది. ఆగస్టు చివరికి ప్రింటుకి వెళ్ళాలి. చూస్తానన్నాను.

ఆ రోజు ఆమె కంప్యూటరు మొదటిసారి తెరిచాను. పుస్తకం దాదాపు పూర్తయింది. కానీ అందులో కామిక్స్ పేర్లు లేవు. అంకెలున్నాయి. "నాలుగోదాంట్లో వాన గీతలు లేవు. వాన పడుతోందని మనుషుల్ని చూస్తే తెలుస్తుంది." "ఏడోది చదివాక పదకొండోది చదవండి, వెంటనే వద్దు." ఇట్లా ఇరవై రెండు వరకు. ఇంగ్లీషు పాఠకుడు ఏ పుస్తకం తర్వాత ఏది చదవాలన్నదే ఆ పుస్తకానికి వెన్నెముక. పేర్లు, సంచికల వివరాలు ఆఖర్న నింపుదామనుకుంది. అప్పటిదాకా వరస ఎక్కడ ఉంది? ఆమె బల్ల మీది అరలో, ఎడమ నుంచి కుడికి, ఇరవై రెండు పుస్తకాలుగా.

ఆ అర ఇప్పుడు ఖాళీగా ఉంది. తుడిచి, దాని మీద ఆమె ఫోటో పెట్టారు.

నేను గరాజ్‌లోకి వెళ్ళి ఎనిమిది డబ్బాలూ మూతలు తీసి చూశాను. పెద్దవి కింద, చిన్నవి మీద. చాలా శ్రద్ధగా సర్దారు. తర్వాత బీరువాలోంచి చీటీల సంచి తెచ్చాను. లెక్కపెడితే ఇరవై ఒకటి. తెలుగులో రాసుకుంది, పేజీ అంకెతో. పుస్తకం పేరు ఏ చీటీ మీదా లేదు. పుస్తకంలోనే ఉండే చీటీకి పేరెందుకు?

"భుజాలు. 61." "గుర్రం. 88." "ఇక్కడ ఎవరూ మాట్లాడరు. 40 నుంచి 47." "కింద పద్యాలు." "ఇది నాకు నచ్చలేదు, కానీ ఉండాలి."

నా ముందు మూడు ఉన్నాయి: అంకెలతో రాతప్రతి, పేర్లు లేని చీటీలు, వరస లేని నాలుగు వందల పుస్తకాలు. ఈ మూడూ కలిసే చోటు ఒకటే, ఆ పుస్తకాలు చదవడం. ఆఫీసులో సెలవు పెట్టాను. నేను ఒక కౌన్సిల్‌లో డ్రైనేజీ ఇంజనీర్ని. ముప్ఫై ఏళ్ళుగా ఇతరులు గీసిన నక్షాలు చదువుతున్నాను. ఇది కూడా అట్లాంటి పనే అని నాకు నేను చెప్పుకున్నాను. కాదని నాలుగో రోజుకి తెలిసింది. అయినా ఆపలేదు.

ముందు అరవై ఒకటో పేజీలు చూశాను, నాలుగు వందల పుస్తకాల్లోనూ. మూడో రోజు సాయంత్రానికి దొరికింది. ఒక ఊరి వీధి, ముగ్గురు మనుషులు నిలబడి ఉన్నారు. వాన గీత ఒక్కటి కూడా లేదు. ముగ్గురి భుజాలూ చెవుల దాకా లేచి ఉన్నాయి. రాతప్రతిలో నాలుగో పుస్తకం ఇదే. గరాజ్‌లో స్టూలు మీద కూర్చుని ఆ పేజీ చాలాసేపు చూశాను. వాన అన్న మాట రాయకుండా వాన చెప్పిన వాక్యం కోసం నేను జీవితమంతా వెతికాను. అది మా గరాజ్‌లో ఉంది.

కొన్ని సులువుగా తేలాయి. ఎనిమిది పేజీలు ఎవరూ మాట్లాడని పుస్తకం డబ్బాలన్నిట్లో ఒకటే ఉంది. "కింద పద్యాలు" అన్నది ఒక పాత పిల్లల పత్రిక పునర్ముద్రణ. మొదట్లో అమెరికా కామిక్స్‌ని ఇటలీలో వేసినప్పుడు మాటల బుడగలు చెరిపేసి, ప్రతి బొమ్మ కిందా ప్రాస పాదాలు వేసేవారట. పిల్లలకి బుడగ మంచిది కాదనుకున్నారు. రాతప్రతిలో ఆమె దీని గురించి మూడు పేజీలు రాసింది, కోపం లేకుండా.

"గుర్రం. 88" దగ్గర రెండు వారాలు పోయాయి. కౌబాయ్ కథలు నూట నలభై ఉన్నాయి. ఎనభై ఎనిమిదో పేజీలో గుర్రం లేనివి తక్కువ. అప్పుడు రాతప్రతి మళ్ళీ చదివితే పదిహేనోదాని గురించి ఒక వాక్యం ఉంది: ఈ చిత్రకారుడు గుర్రాన్ని చూసి గీయలేదు, ఇంకొకరు గీసిన గుర్రాన్ని చూసి గీశాడు. నాకు నక్షాలు తెలుసు. సైటుకి వెళ్ళి గీసిన గీతకీ, పాత నక్షా మీద కాగితం పెట్టి గీసిన గీతకీ తేడా తెలుసు. రెండో రకం గీత ఎక్కడా తడబడదు. అట్లా చూసుకుంటూ వెళ్తే ఒక గుర్రం దొరికింది. నాలుగు కాళ్ళూ తప్పులేకుండా ఉన్నాయి. కింద నేల లేదు.

"నచ్చలేదు, కానీ ఉండాలి" అన్నదానికి పేజీ లేదు. దానికి ముప్ఫై ఏళ్ళ కాపురం పనికొచ్చింది. రాతప్రతిలో తొమ్మిదోదాని గురించి అన్నీ మంచిమాటలే ఉన్నాయి, ఒక్కటీ ఆమె మాట కాదు. నేను చేసిన ఉప్మాని ఆమె ఆ రకంగానే మెచ్చుకునేది. తొమ్మిదోది జేబు సైజు దొంగల కథ.

జూలై అయ్యేసరికి ఇరవై ఒకటి తేలాయి. మొదటిది మిగిలింది. దానికి చీటీ లేదు. రాతప్రతిలో దాని కింద రెండే వాక్యాలు: "ఇక్కడ మొదలుపెట్టండి. ఎందుకో చెబుతాను." చెప్పలేదు.

కరీంనగర్ ఆవిడ ఇంటికి వెళ్ళాను. తలుపు తీసి, టీ ఇచ్చి, ఎందుకొచ్చానో తెలియక ఎదురుగా కూర్చుంది.

"ఆ అరలో ఎడమ పక్కన మొట్టమొదట ఏ పుస్తకం ఉందో గుర్తుందామ్మా?" అన్నాను.

"ఎర్ర అట్ట ఉండె అన్నా. కాదు, పసుపు... ఎందుకన్నా?"

చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. ఆవిడ మొహం మారిపోయింది.

"అయ్యో, దేవుడా. వరసనా అది? నేను గుడ్డతోని తుడుచుకుంట ఒక్కొక్కటి తీసి నాతోని వచ్చినామెకిచ్చిన, ఆమె డబ్బల పెట్టింది. వదినె రెండేండ్ల కష్టం నేను ఒక్క గంటల..."

"తల ఊపింది నేను," అన్నాను. "నీ పొరపాటు కాదు. చీటీలు దాచబట్టే ఇంతవరకు వచ్చింది. వేరే వాళ్ళయితే పారేసేవాళ్ళు."

అది ఓదార్పు కాదు, నిజం. అయినా ఆవిడ ఏడ్చింది. ఇక ఎవరినీ అడగకూడదని తేల్చుకుని ఇంటికొచ్చాను.

ఎడిటర్‌కి విషయం చెప్పాను. ఆమె వెంటనే పరిష్కారం చెప్పింది. మొదటిది తీసేద్దాం, ఆ చోట మీరు ముందుమాట రాయండి. మీ భార్య గురించి, ఈ వెతుకులాట గురించి. పాఠకుల మనసుకి తాకుతుంది. చాలా అందంగా ఉంటుంది.

"ఇది ఇటాలియన్ కామిక్స్ గురించిన పుస్తకం," అన్నాను.

"అవును, కానీ..."

"నా భార్య చనిపోయిన సంగతి చదివాక పాఠకుడు ఇటాలియన్ కామిక్స్ చదవడు. మమ్మల్ని చూసి జాలిపడతాడు. మొదటి పుస్తకం నేను చెబుతాను. మూడు వారాలివ్వండి."

ఇచ్చింది. ఫోన్ పెట్టేశాక, ఏం చూసుకుని ఆ మాట అన్నానో నాకు అర్థం కాలేదు.

నాకు తోచిన పద్ధతి ఇంజనీరు పద్ధతి. మొదలంటే మొదటి సంచిక. బాగా పేరున్న మూడు సిరీస్‌లలో మొదటి సంచికలు డబ్బాల్లో ఉన్నాయి. వాటిని మా అమ్మాయి ముందు పెట్టాను. అది ఇక్కడే పుట్టింది, మా ఇంట్లోంచే యూనివర్సిటీకి వెళ్తుంది. తెలుగు అర్థమవుతుంది, ఇటాలియన్ రాదు, ఇంగ్లీషు దాని భాష. వాళ్ళమ్మ ఎవరి కోసం రాసిందో ఆ పాఠకురాలు మా డైనింగ్ టేబుల్ దగ్గరే ఉంది. అది కూడా ఆ పుస్తకాలు ఎప్పుడూ తెరవలేదు. ఆ విషయంలో నా పోలికే.

శనివారం మధ్యాహ్నం మూడూ తిరగేసింది. "నాన్నా, బీ ఆనెస్ట్ అంటావా?"

"అందుకే పిలిచాను."

"దీంట్లో ఫస్ట్ ట్వెంటీ పేజెస్ అందరూ వాళ్ళ నేమ్స్ చెప్పుకుంటున్నారు. ఇట్స్ లైక్ అంకుల్స్ ఎట్ ఎ హౌస్‌వార్మింగ్. 'మీది ఏ ఊరండీ?' అన్నట్టుంది. కలర్ కూడా లేదు. ఐ వుడ్ స్టాప్."

"మూడూనా?"

"ఆల్ త్రీ. సారీ."

ఆపేస్తానంది కాబట్టి అవి కావు. అది మాత్రం తేలింది.

సోమవారం పొద్దున అది యూనీకి బయల్దేరుతూ గరాజ్ గుండా వెళ్ళింది. సాయంత్రం వచ్చి బ్యాగ్ కూడా దించకుండా ఒక పుస్తకం నా ముందు పెట్టింది. కౌబాయ్ సిరీస్‌లో నూట డెబ్భై ఎంతో సంచిక. అట్ట మూల నలిగింది. ఇరవై ఒకటిలో ఉన్నది కాదు, పైన ఉందని తీసుకెళ్ళింది.

"లాస్ట్ పేజ్‌లో ఈ ఓల్డ్ మ్యాన్ ఏమంటున్నాడు?"

నిఘంటువు తీశాను. కథ తెలియక మొత్తం చూడాల్సి వచ్చింది. ముసలాయన తలుపు దగ్గర నిలబడి, వెళ్ళేవాడితో, నీళ్ళు నింపుకుని వెళ్ళు అంటున్నాడు. అంతే.

"దట్స్ ఇట్? ఐ థాట్ సో," అంది. "ఆ వెళ్ళేవాడే షెరీఫ్‌ని చంపాడు కదా? బట్ హీ లెట్స్ హిమ్ గో."

"నీకెట్లా తెలుసు? ఒక్క ముక్క చదవలేవుగా."

"చూస్తే తెలుస్తుంది నాన్నా. నెక్స్ట్ ఇష్యూ ఉందా?"

వెతికాం. లేదు. దాని ముందుదీ లేదు. ఆ అట్టపెట్టెల పెద్దాయన ఆ నెల తర్వాత కొనలేదో, ఎవరికైనా ఇచ్చాడో.

"పర్లేదు, ఎనీ ఇష్యూ," అని ఇంకోటి తీసుకుని పైకి వెళ్ళిపోయింది.

అప్పుడు నా తప్పు అర్థమైంది. బడ్డీ దగ్గర నిలబడ్డవాడు మొదటి సంచిక అడగడు. మొదటి సంచిక అతను పుట్టకముందు వచ్చి ఉంటుంది. ఈ నెల ఏది వేలాడుతుంటే అది కొంటాడు. ఎవరు ఎవరో తెలియకుండానే మొదలుపెడతాడు. రాసేవాళ్ళకూ గీసేవాళ్ళకూ ఆ సంగతి తెలుసు. అందుకే ప్రతి సంచికా అప్పుడే రైలెక్కినవాడికి కూడా అందేలా కడతారు. ఇంగ్లీషులో కామిక్స్ చదివేవాడు ముందు చేసే పని ఒకటో నంబరు కోసం వెతకడం. ఇటాలియన్ కామిక్స్ దగ్గర అతనికి అడ్డం వచ్చేది మొదట ఆ అలవాటే. నాకూ అదే అడ్డం వచ్చింది.

నా భార్య మొదటి పుస్తకం ఇదేనా? కాకపోవచ్చు. ఇంకేదో అయి ఉండొచ్చు, నాకు తట్టని కారణంతో. అది తెలుసుకునే దారి లేదు. ఆ దారి ఉన్నట్టు నటించనని ఆ సాయంత్రం నిర్ణయించుకున్నాను.

ఆ నూట డెబ్భై ఎంతో సంచికనే మొదటిదిగా పెట్టాను. రెండు పేజీలు తెలుగులో రాసుకున్నాను. నా ఇంగ్లీషు ఆఫీసు ఇంగ్లీషు, ఆమె ఇంగ్లీషు పక్కన నిలబడదు. ఆదివారం నేను చదువుతుంటే మా అమ్మాయి ఇంగ్లీషులో టైప్ చేసింది.

"'ఈ మహత్తరమైన' అని రాశావు. డు వి నీడ్ దట్?"

"వద్దు. తీసెయ్. ఎట్లా వచ్చిందో."

"అమ్మ వుడ్ హావ్ కిల్డ్ యు."

"చంపేది."

ఆ మాట చెరిపేసింది. తర్వాత అది, "నెక్స్ట్ లైన్ చెప్పు," అంది.

మొదటి సంచిక వెతకవద్దని రాశాం. చేతికందింది తీసుకోమని, ముగ్గురు మనుషులు ఎవరో తెలియకపోతే నాలుగు పేజీలు ఆగమని, రంగు లేదని వెనక్కి పెట్టవద్దని రాశాం. ఇంగ్లీషులోకి మార్చిన వాటిలో బుడగలు సగం ఖాళీగా కనిపిస్తాయి, ఇటాలియన్ మాటలకు కొలిచి గీసినవి కాబట్టి. ఆ ఖాళీ లోపం కాదని రాశాం. ఆఖర్న మూడు వాక్యాలు పెట్టమన్నాను: "ఈ విభాగం పుస్తక రచయిత రాసింది కాదు. మొదటి పుస్తకం ఎంపిక ఆమెది కాదు. మిగిలిన ఇరవై ఒకటి ఆమెవి."

ఎడిటర్ మర్నాడే జవాబిచ్చింది. విభాగం బాగుంది, మీ భార్య రాసినట్టే ఉంది. ఆఖరి వాక్యాలు మాత్రం తీసేద్దాం. ఎవరికీ తెలియదు. పుస్తకం మొదట్లోనే అట్లాంటిది ఉంటే కుట్టు బయటపడ్డట్టు ఉంటుంది.

కుట్టు ఉన్న మాట నిజం. నా భార్య ప్రతి పుస్తకం దగ్గరా ఒకటే పని చేసింది. ఎవరు గీశారో, ఎవరిది చూసి గీశారో, ఎవరి బొమ్మ మీద కాగితం పెట్టి గీశారో విడదీసి చెప్పింది. ఆ పుస్తకం మొదటి పేజీలోనే నేను ఆమె చేతిరాత పైన కాగితం పెట్టి గీస్తే, లోపల ఆమె రాసిందంతా దేనికి?

జవాబు రాసి అమ్మాయికి చూపించాను. అది చదివి, నా 'కైండ్లీ' ఒకటి కొట్టేసి, పంపించెయ్ అంది. పంపాను.

"బయటపడ్డట్టే ఉంటుంది. ఉండనివ్వండి. ఆ మూడు వాక్యాలు తీసేస్తే రాతప్రతి వెనక్కి పంపండి."

తీయలేదు.